పదిహేడు చెట్లకు గంజి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ డైరీ అచ్చు వేసినవాడెవడో కానీ శనివారానికీ ఆదివారానికీ కలిపి ఒకటే పేజీ ఇచ్చాడు. సోమవారానికి మాత్రం నిండు పేజీ. సోమవారం ఏముంటుంది రాయడానికి? ఆదివారమైతే కొడుకు కామేశ్ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళడు. కోడలు యామిని ఇంట్లో ఉంటుంది. మనవరాలు ఇందుకి బడి ఉండదు. అందరూ ఉంటేనే గొడవ, గొడవ ఉంటేనే రాత. ఎరువుల కొట్టువాడు ఊరికే ఇచ్చాడు కదా అని ఊరుకున్నాను.

ఉన్న సగం పేజీలో సగం ఈ తిట్లకే పోయింది. మిగిలిన దాంట్లో అసలు సంగతి.

కామేశ్ అన్నం తింటూ అన్నాడు. "నానా, శివరాత్రి దాటాక కొబ్బరి సెట్లు కొట్టించేత్తాను. ఢిల్లీరావుతో మాటాడినాను. మిషనూ ఆడిదే, మనుషులూ ఆడి మనుషులే."

పదిహేడు చెట్లు. తిత్లీ తుఫాను ఒక్క పూటలో తొంభై పడగొట్టి ఈ పదిహేడూ వదిలింది. తుఫాను వదిలినవాటిని నా కొడుకు కొట్టిస్తాడట.

"ఏలరా?" అన్నాను.

"కాయ నేదు. మట్టలు సూడు, బొగ్గులాగున్నాయి. ఆ జాగాలో జీడిపిక్కలు కొట్టే షెడ్డు ఏత్తాను. పదిమందికి పని దొరుకుద్ది. నీకేటి, కుర్సీ ఏసుకుని మేస్త్రీలాగ కూకుందువు."

"పడిపోయిన సెట్ల జాగా ఖాళీగానే ఉన్నాది కదా."

"ఆ గోతులెవడు పూడుత్తాడు?"

వాడు చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి నిద్రపోయేవాణ్ణి.

నాకేం బెంగ లేదు. చెట్లు చెట్లే.

ఫిబ్రవరి 3, సోమవారం

రాలిన పిందెలు: నలభై ఒకటి. పొద్దున్నే బుట్ట పట్టుకుని ఏరాను. ఉసిరికాయంత కూడా ఎదగకుండానే మొదలు నల్లబడి రాలిపోతున్నాయి.

సోంపేట ఆటోలో ఉప్పు బస్తా తెచ్చాను. రేవు నుంచి చేపల తుక్కు రెండు బస్తాలు. వెనక సీట్లో ఆడవాళ్ళు ముక్కులు మూసుకుంటే, "పెళ్ళికి అత్తరు పట్టుకెల్తన్నానమ్మా" అన్నాను. ఒకావిడ దిగి వేరే ఆటో ఎక్కింది.

చెట్టు ఆకలితో ఉంది. ఆకలైతే తిండి పెట్టాలి. దానికి నోరు వేళ్ళ దగ్గర. ఐదో తరగతిదాకా చదివినవాడికి ఆ మాత్రం తెలుసు. రెండేళ్ళుగా పెడుతూనే ఉన్నాను. ఇప్పుడు రెట్టింపు పెడతాను. మొదట "అత్తగారి"కి పెట్టాను. అత్తగారంటే బోరు పక్కన వంగిపోయిన చెట్టు. నిలబడేది మన జాగాలో, కాయలు రాల్చేది పక్కింటి దొడ్లో. అందుకే ఆ పేరు పెట్టాను. నా భార్య చిన్నతల్లికి ఆ పేరంటే ఇరవై ఏళ్ళుగా కోపం.

ఫిబ్రవరి 5, బుధవారం

ఇందు ఏడో తరగతి. మనిషి చిన్నది, గొంతు తాసీల్దారుది. నేను ఉప్పు పోస్తుంటే వచ్చి నిలబడింది.

"తాతా, ఆపు. సెట్టు వేళ్ళతో అన్నం తినదు."

"మరి సెవుల్తో తింటాదేటే గుంటా?"

"ఆకుల్తో వండుకుంటాది. వేళ్ళు నీళ్ళూ, లవణాలూ పైకి మోత్తాయి, అంతే. గాలిలోంచి కార్బన్ డయాక్సైడు, సూర్యుడి ఎలుగు, అయీ ఇయీ కలిపి ఆకు పిండి తయారు సేత్తాది. హేమలత టీచర్ సెప్పింది."

"గాలీ ఎండా తిని బతికేత్తే మరి నాను ఇన్నేళ్ళు ఈ పేడ ఎందుకు మోసినాను?"

"నువ్వు మోసింది కూరలోకి ఉప్పు తాతా. అన్నం కాదు."

కనపడని గాలిని నమ్మనన్నాను. అది ఊరుకుంటుందా? నా సున్నం డబ్బీ లాక్కుని, గ్లాసు నీళ్ళలో కలిపి, తేట వంచింది. బొప్పాయి ఆకు కాడ తెచ్చి ఊదమంది. ఊదాను. మంచినీళ్ళలా ఉన్నది పాలలా అయిపోయింది. నా ఊపిరిలో ఉన్న ఆ గ్యాసేనట.

గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. "ఒలే, ఇదుగో పాలు. టీ పెట్టు."

చిన్నతల్లి పాలగిన్నెలో పోయబోయి వాసన చూసింది. తర్వాత గరిటె ఎక్కడ తగిలిందో రాయను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రాలినవి ముప్పై ఎనిమిది. ఉప్పు వల్ల ఏమీ కాలేదని ఒప్పుకోను. ఇంకా నాలుగు రోజులు చూస్తాను.

ఇందు రేపు బడిలో జీర్ణక్రియ మీద మాట్లాడాలట. నా మీద సాధన. ఒక ముద్ద అన్నం నోట్లో పెట్టి, మింగకుండా నమలమంది. నమిలాను, నమిలాను. చిన్నతల్లి చూసి, "ఏటయ్యా, నా కూరలో ఏటి వంక దొరికింది?" అంది. నోరు తెరిచి చెప్పలేను. చెయ్యి ఊపాను. కూర బాగోలేదని ఊపాననుకుంది.

కానీ నిజమే. కాసేపటికి అన్నం తియ్యబడింది. నోట్లో ఊరే నీరే పిండిని చక్కెర చేస్తుందట. అరవై ఏడేళ్ళు తిన్నాను. ఒక్క పూట కూడా ఆ తీపి దాకా ఆగలేదు.

టీచరు చిన్న సీసాలో అయోడిన్ ఇచ్చింది. గోధుమరంగు నీళ్ళు. అన్నం మీద వేస్తే నీలం, నీలంలోంచి నలుపు. నేను నమిలిన ముద్ద మీద వేస్తే రంగు సరిగ్గా తిరగలేదు. పిండి ఎక్కడ ఉంటే అక్కడ నీలమట. బంగాళదుంప మీద వేశాం, నీలం. బెల్లం మీద వేశాం, ఏమీ లేదు.

"గంజిలో ఉంటాదా?" అని అడిగాను.

"గంజంటేనే పిండి కదా తాతా."

సీసా అలమారలో పెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇందు మందార ఆకుకి నడుంకట్టులా నల్ల కాగితం చుట్టి క్లిప్పు పెట్టింది. "మూడు రోజులు ముట్టుకోకు" అంది. ముట్టుకోలేదు. ఒకసారి ముట్టుకున్నాను.

ఢిల్లీరావు వచ్చి చెట్ల చుట్టూ తిరిగి చూసుకున్నాడు. అత్తగారిని చేత్తో తట్టాడు. సంతలో పశువుని తట్టినట్టు.

ఫిబ్రవరి 13, గురువారం

ఈ రోజు పేజీ చాలదు.

ఇందు బడి నుంచి పరుగున వచ్చి నోట్‌బుక్ తెరిచింది. అందులో ఆ మందార ఆకు. బడిలో దాన్ని స్పిరిట్‌లో ఉడికించి, పచ్చదనం తీసేసి, అయోడిన్ వేశారట. రెండు కొసలూ నీలి నలుపు. మధ్యలో కాగితం కట్టిన చోట మాత్రం పాలిపోయిన పట్టీ.

"ఎలుగు తగల్నేదు కదా, అక్కడ పిండి తయారవ్వనేదు. ఆ మేరకి ఆకు పస్తు" అంది.

నేను ఆ పట్టీ మీద వేలు పెట్టి చూశాను. నల్ల కాగితం. వెలుగు రాకుండా నల్లగా అడ్డం.

లేచి పెరట్లోకి వెళ్ళాను. తుఫాను తర్వాత నాటిన మొక్క ఒకటుంది. దాని మట్టలు చేతికి అందుతాయి. తువ్వాలు తడిపి ఒక ఆకు మీద గట్టిగా తుడిచాను. మసి. దీపం గాజు మీద పట్టినట్టు తువ్వాలంతా నలుపు. కింద ఆకు పచ్చగా ఉంది.

చావలేదు. నల్ల కాగితం కట్టుకుని నిలబడింది.

ఇందు ఆకు తిప్పి చూపించింది. అడుగున తెల్లదోమ, పిండి చల్లినట్టు. అది రసం పీల్చి జిగురు కారుస్తుంది, ఆ జిగురు మీద మసిలాంటి బూజు పడుతుంది. "ముక్కులు కూడా అడుగునే ఉంటాయి తాతా. సిన్న సిన్న కన్నాలు. గాలి అక్కణ్ణించే ఎల్తాది."

అంటే కళ్ళకు గంతలు, ముక్కు మీద చెయ్యి. ఇటు నేను రెండేళ్ళుగా వంటగదికి తాళం వేసి ఉన్న ఇంటికి బస్తాలు బస్తాలు ఉప్పు మోసుకెళ్ళి గుమ్మంలో పోస్తున్నాను. ఎవడూ చెప్పలేదు. చెబితే విని ఉండేవాణ్ణా అన్నది వేరే సంగతి.

రాత్రి అన్నం దగ్గర కామేశ్‌తో అన్నాను. "శివరాత్రి దాటాక అన్నావు. దాటేలోగా ఆ సెట్లు నాయి."

"నీయే. ఏటి సేత్తావు?"

"మొకం కడుగుతాను."

యామిని నవ్వు ఆపుకోలేక నీళ్ళు మింగుడుపడక దగ్గింది.

ఫిబ్రవరి 15, శనివారం

చెట్లెక్కే సన్యాసిని పిలిచాను. తడిగుడ్డతో తుడవాలన్నాను.

"మావా, నాను కాయలు దింపుతాను. మట్టలు గీత్తాను. సెట్టు మొకం తుడిసే ఆయానేటి?"

అయినా ఎక్కాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క చెట్టు, అందులోనూ సగం. చేతులు నల్లగా, మొహం ఇంకా నల్లగా దిగాడు. వాళ్ళావిడ గుర్తుపట్టదేమో, ఆధార్ కార్డు పట్టుకెళ్ళమన్నాను.

శివరాత్రికి పదకొండు రోజులు. పదిహేడు చెట్లు. ఈ లెక్కకు ఐదో తరగతి చాలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చిన్నతల్లి కామేశ్ చొక్కాలకు గంజి పెట్టి, మిగిలిన గంజి బకెట్టు గోడ మీంచి పారబోసింది. అది సరిగ్గా నేను తుడిచి పచ్చగా చేసుకున్న చిన్న మొక్క మీద పడింది. గంజికి చీమలు పడతాయని అరిచాను. తుడవని మట్టల మీద కూడా పడింది. నా మీద కూడా. సగం పేజీ అయిపోయిం

ఫిబ్రవరి 17, సోమవారం

మధ్యాహ్నం ఎండలో వెళ్ళి చూశాను. గంజి ఎండి పెచ్చులు కట్టింది. పెచ్చు లేస్తుంటే దానితో పాటు మసి లేస్తోంది. గాలికి ఆకు ఊగితే చాలు, నల్ల పెచ్చులు కింద రాలుతున్నాయి. చెయ్యి పెట్టకుండా ఆకు పచ్చబడుతోంది.

అక్కడే నిలబడి "ఒలే!" అని అరిచాను. పాము కాబోలనుకుని చిన్నతల్లి కర్ర పట్టుకుని వచ్చింది.

"నిన్న నాను తిట్టినవన్నీ ఎనక్కి తీసుకుంతన్నాను."

"ఎన్ని తిట్టినావో లెక్కుందేటి?" అంది. కర్ర మాత్రం కింద పెట్టలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

గంజి కోసం ఊరి మీద పడ్డాను. సైకిలుకి రెండు క్యాన్లు కట్టాను.

ఇప్పుడెవరు గంజి వారుస్తున్నారు? అన్నీ కుక్కర్లు. మా వీధిలో ముప్పై ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళే దొరికాయి, అన్నిట్లోనూ నా ఈడు ముసలమ్మలే. ఒకావిడ గేదెకని దాచుకున్న గంజి ఇవ్వనంది. "మీ గేదె లావైపోనాది పిన్నీ, ఒక వారం పథ్యం ఉంచు" అన్నాను. గేదె తరఫున ఆవిడ తిట్టింది. గంజి మాత్రం ఇచ్చింది.

చాలకపోతే మైదాపిండి పలచగా ఉడికించి కలిపాం. పిచికారీ డబ్బా సన్యాసి వీపున, తాడు నా చేతిలో. ఇందు బడికి పోయే ముందు కిందనించి అరిచింది. "సన్యాసి మావా, అడుగు పక్క! అడుగు పక్క కొట్టు! ముక్కులు అక్కడుంటాయి!"

"నీ మనవరాలు పెద్దయితే ఏటవుద్ది మావా?"

"నీ మీద ఇన్‌స్పెట్రు."

రెండు చెట్లు అయ్యాయి.

ఫిబ్రవరి 20, గురువారం

ఆరు. చుట్టుపక్కలవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. "సెట్లకి ఇస్త్రీ ఎప్పుడు?" అని అడుగుతున్నారు. పెట్టి తెచ్చుకోండి అన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

పది. నడుం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. చిన్నతల్లి అడక్కుండానే ఆవనూనె కాచి పెట్టింది.

ఫిబ్రవరి 24, సోమవారం

పదమూడు. రాలిన పిందెలు ముప్పై ఒకటి. తగ్గాయా? తగ్గినట్టే. రేపు మళ్ళీ లెక్కపెట్టాలి.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

అందరూ రావివలస మల్లికార్జునుడి దగ్గరికి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. సన్యాసి కూడా ఉపవాసం ఉండి వచ్చాడు. "మావా, కాళీ కడుపుతో ఎక్కుతన్నాను, పడితే పుణ్యం నీకే" అన్నాడు. పడలేదు. పదిహేను, పదహారు. ఆఖరిది అత్తగారు. ఆవిడకు నేనే కిందనించి పొడుగు గొట్టంతో కొట్టాను. సగం గంజి నా తల మీదే పడింది. ఎండాక జుట్టు నిక్కబొడుచుకుంది.

పదిహేడు.

ఫిబ్రవరి 27, గురువారం

కామేశ్ పొద్దున్నే చెట్ల మధ్య తిరిగాడు. పైకి చూశాడు. చాలాసేపే చూశాడు.

"నలుపు పోనాది నానా. ఒప్పుకుంతాను. కానీ కాయేది? ఆకు సూసి కూడు తినగలమా?"

"పది రోజులు ఆగు. ఇన్నాళ్ళూ పస్తున్న పేనం. ఇప్పుడే వంట మొదలెట్టింది."

"ఢిల్లీరావుకి మాటిచ్చేసినాను. రేపు పలాస ఎల్లి తాంబూలం ఇచ్చి, ఎల్లుండి మనుషుల్ని తెత్తాను."

మాట ఇచ్చాడు. వాడికి మాటంటే మాటే. అది నా దగ్గర నేర్చుకున్నదే. ఎవరి మీద కోప్పడను?

నాకేం బెంగ లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కామేశ్ ప్రయాణం ఆగింది. వాడు గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని గుమ్మం దాటుతుంటే, వీపు మీద ఐదు నీలి మచ్చలు కనిపించి యామిని అరిచింది. చేతి వేళ్ళు ఆనించినట్టు ఐదు. ఎలా వచ్చాయో ఎవరికీ తెలియదు. చిన్నతల్లి బెదిరిపోయింది. "బయల్దేరే మనిషి ఎనక సెయ్యేసి ఆపినట్టున్నాది. ఈ పూట కదలకు నాయనా" అని గడపకు అడ్డం కూచుంది. వాడు నమ్మడు. తల్లిని దాటి మాత్రం వెళ్ళలేడు. ఫోను చేశాడు. ఢిల్లీరావు రేపట్నుంచి మూలపేట వైపు వేరే పని ఒప్పుకున్నాడట, మళ్ళీ రెండు వారాలకు గానీ కుదరదట.

బట్టల సబ్బు మంచిది కాకపోయి ఉంటుంది.

మార్చి 4, మంగళవారం

రాలినవి ఇరవై రెండు.

మార్చి 8, శనివారం

పద్నాలుగు.

చిన్నతల్లి చొక్కాలకు గంజి పెట్టడం మానేసింది. తన చేతిలోనే ఏదో దోషం ఉందనుకుంటోంది. అనుకోనీ. నాకేం.

మార్చి 11, మంగళవారం

తొమ్మిది. రెండుసార్లు లెక్కపెట్టాను. బుట్ట అడుగు కనబడుతోంది.

మార్చి 14, శుక్రవారం

రేపు ఢిల్లీరావు మనుషులు వస్తారు. పొద్దున బుట్ట తీసుకెళ్ళి కామేశ్ ముందు పెట్టాను. ఐదు పిందెలు.

"గత నెల మొదట్లో నలబై ఒకటి. ఇప్పుడు ఐదు. మిగతాయి ఎక్కడున్నాయి? నువ్వే సూడు."

"సన్యాసిని ఎక్కించి సూపిత్తావేటి?"

"ఆడు నా మనిషంటావు. నువ్వే ఎక్కు."

వాడు చెట్టెక్కి పదిహేనేళ్ళయి ఉంటుంది. నన్ను చూశాడు, ప్యాంటు మడతపెట్టాడు, అత్తగారిని ఎంచుకున్నాడు. వంగి ఉంది కదా, చిన్నప్పుడు ఎక్కడం నేర్చుకున్నదీ దాని మీదే. కింద యామిని, చిన్నతల్లి, ఇందు.

పైన చాలాసేపు ఉండిపోయాడు. మట్టలు పక్కకు తప్పించడం వినిపించింది. ఒక ఆకు తిప్పి అడుగు పక్క చూశాడు. ముక్కుల సంగతి వాడికెవరు చెప్పారో.

"నానా!"

"ఏటిరా!"

"ఒక గెలకి ఇరవై ఒకటి నిలిసున్నాయి. రెండో గెలకి పద్దెనిమిది. కొత్త మొవ్వు తెల్లగా వత్తన్నాది."

ఇందు బదులు చెప్పింది. "నాన్నా, దిగు! పిందెలు ముట్టుకోకు!"

వాడు దిగి, గుండె మీద గీసుకుపోయిన చోట ఊదుకుంటూ ఢిల్లీరావుకి ఫోను చేశాడు. "బావా, సెట్లు కొట్టడం నేదు. అవును, మాట తప్పినాను. తిట్టు, ఇంతాను. మిషను వద్దు, గోతులు పూడ్సడానికి నీ ట్రాక్టరు కావాల." అవతల ఏమన్నాడో, నవ్వి, "షెడ్డా? షెడ్డు ఏత్తాను. గోతుల మీద" అన్నాడు.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "వచ్చే ఏడు ఈ టైముకి కాయ దిగకపోతే సూడు."

"దిగకపోతే నన్ను కొట్టించు."

మార్చి 16, ఆదివారం

రాలినవి నాలుగు. కామేశ్, నేను రెండు గోతులు పూడ్చాం. ఈ సగం పేజీ చాలదు, సోమవారం పేజీలోకి వెళ్తున్నాను. సోమవారానికి ఎలాగూ రాయడానికి ఏమీ ఉండదు.

సబ్బు మంచిదే. దాని తప్పేం లేదు.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన చిన్నతల్లి వాకిట్లో ముగ్గు వేస్తుండగా, అలమారలోంచి సీసా తీశాను. ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించిన చొక్కా వీపు మీద ఐదు చుక్కలు. ముందు నాలుగే వేశాను. చేతికి ఐదు వేళ్ళు కదా అని ఐదోది కూడా వేశాను. గోధుమరంగు చుక్క గంజి మీద పడి నీలంగా తిరగడం చూస్తే, ఈ వయసులో కూడా చప్పట్లు కొట్టాలనిపించింది. ఒక పూట ఆలస్యమైతే చాలనుకున్నాను. రెండు వారాలు దొరుకుతాయని అనుకోలేదు. చిన్నతల్లి తన చేతిని అనుమానించుకుంటుందనీ అనుకోలేదు. అదొక్కటే గుచ్చుతోంది.

ఇందుకి తెలుసు. సీసాలో మందు ఎంత తగ్గిందో చూసుకుని ఉంటుంది. నిన్న నా దిండు మీద ఒక నిమ్మకాయ పెట్టి పోయింది. ఎందుకో అర్థం కాక అడిగితే, "అయోడిన్ నీలం మీద పిండు తాతా. ఏటవుద్దో సూడు" అంది.

ఇవాళ మధ్యాహ్నం ఇనప్పెట్టె అడుగున చిన్నతల్లి దాచేసిన ఆ చొక్కా తీశాను. నిమ్మరసం పిండాను. చూస్తుండగానే నీలం పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో మచ్చ ఉంచేశాను.

దాన్ని చిన్నతల్లి ముందే తీస్తాను, రేపు. ఆవిడ చేతికే నిమ్మచెక్క ఇచ్చి పిండమంటాను. తర్వాత గరిటె ఎక్కడ తగులుతుందో అప్పుడు రాస్తాను.